ఎన్ని వాయిదాలు?

తెముకోలో వాన జూన్‌లో మొదలైతే
ఎప్పుడాగుతుందని ఎవరూ అడగరు.
నేను మాత్రం రోజుకి రెండు వందలసార్లు అడుగుతాను,
గల్లాపెట్టె వెనక నిలబడి,
ఎదురుగా ఉన్న మొహం చూడకుండానే:
"ఎన్ని వాయిదాలు?"

దుప్పటికి ఆరు. టీవీకి ముప్పై ఆరు.
పుట్టినరోజు కేకుకి మూడు.
కొవ్వొత్తులు ఊదేశాక కూడా
అప్పు వెలుగుతూనే ఉంటుంది.
ఒక కుర్రాడు గులాబీలకి రెండన్నాడు.
రెండో వాయిదా నాటికి ఆ పిల్ల ఉంటుందా అని
అడగడం నా పని కాదు.

నా గుండెల మీది బిళ్ల పేరు ఎదెల్మీరా.
నెలకి పన్నెండు కొత్త కార్డులు అంటగడితే బోనసు.
పదకొండు దగ్గర ఆగితే
సూపర్‌వైజరు బసీలియో గొంతు తగ్గించి మాట్లాడతాడు,
ఇంట్లో ఎవరో పోయినట్టు.

గురువారం దోన్యా ఓతీలియా వచ్చింది,
కోటు నిండా కట్టెలపొయ్యి వాసనతో.
నల్ల బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టలేదు.
అడుగు వంచి చూసింది.
కుట్టు మీద గోటితో గీరింది.
కోడిపెట్ట కింద గుడ్డు వెతికినట్టు
లోపల చెయ్యిపెట్టి తడిమింది.

"ఎన్ని వాయిదాలు?"
"మొత్తం ఎంత?"
"నెలకి రెండు వేల ఏడు వందల తొంభై పెసోలేనమ్మా."
"నెల సంగతి కాదమ్మాయ్. మొత్తం."

పదకొండేళ్ళ ఉద్యోగంలో
ఆ మాట నన్నెవరూ అడగలేదు.
తెర అడుగున ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.
కళ్ళు చికిలించి పైకి చదివాను:
ముప్పై ఆరు వేల బూట్లు
పద్దెనిమిది నెలల్లో
యాభై వేల రెండు వందల ఇరవై.
వెనక వరసలో ఎవరిదో దగ్గు ఆగిపోయింది.

"పైన పద్నాలుగు వేలు దేనికి?
ఎడమ బూటుకా, కుడి బూటుకా?"

జవాబు కోసం ఆగలేదు ఆవిడ.
బూట్లని బుజ్జగించినట్టు జతగా అరలో పెట్టేసి
గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి రెనాతో నిద్రపోయాక
పొయ్యి పక్కన నా కాగితాలు పరిచాను.
సోఫా. ఫ్రిజ్. పోయినేడాది మార్చి నాటి బడి యూనిఫాం.
వాడు ఎదిగి దాన్ని విప్పేశాడు,
నేనింకా తొడుక్కునే ఉన్నాను.
నా బూట్లకి ఇంకా ఐదు వాయిదాలు.
అడుగు మాత్రం ఈస్టరుకే నోరు తెరిచింది.
పెన్సిలుతో కూడాను.
తప్పొచ్చిందని మళ్ళీ కూడాను.
రెండోసారి ఇంకా ఎక్కువొచ్చింది.
వడ్డీకి ఒడ్డెక్కడో కనపడలేదు.
గదిలో ప్రతి వస్తువూ నా వైపే చూస్తోంది,
ఎవరి పిల్లో ఇంకా తేలని పిల్లలా, మొహమాటంగా.

మర్నాటి నుంచి
రసీదు వెనక బాల్‌పెన్నుతో ఒక అంకె రాసి ఇస్తున్నాను.
మొత్తం.
దాని పక్కన ఇంకేమీ రాయను.
కొందరు చూడకుండా జేబులో కుక్కుకుంటారు.
ఒకావిడ గుమ్మం దాకా వెళ్ళి, వానని చూసి,
కాగితాన్ని చూసి, వెనక్కొచ్చి
టీవీ తిరిగిచ్చేసింది.
గులాబీల కుర్రాడు మాత్రం నవ్వాడు.
"పర్లేదండీ, ఆ పిల్ల ఇంకా ఉంది."
ఈ నెల నావి నాలుగే కార్డులు.
బసీలియో గొంతు ఇప్పుడసలు వినిపించడం లేదు.

శనివారం, మార్కెట్ వెనక సందులో
చెప్పులు కుట్టే ఎర్మోహెనెస్
మైనం పూసిన దారాన్ని పళ్ళతో తెంపి అన్నాడు:
"నాలుగు వేలు. ఒక్కోదానికి."
పర్సులో ఆరున్నాయి.
ఇంకా బస్సుంది, రొట్టె ఉంది.
నాలుగు తీసి అతని అరచేతిలో పెట్టి
అలవాటుగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను.
అతనేమీ అడగలేదు.
నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
ఇంకొకరి మడమ అందుకున్నాడు.

బయట వాన.
ఎడమకాలు పొడిగా ఉంది.
కుడికాల్లోకి నీళ్ళొస్తున్నాయి.
అది వచ్చే నెల.

ఇదీ వాయిదానేగా అనిపించి
బస్టాపులో ఒక్కదాన్నే
పైకి నవ్వేశాను.